దయావీరము – రెండు దినచర్యలు

యుద్ధమును గూర్చిన సాహిత్యమున రణభూమికి లభించిన స్థానము వంటయింటికి లభించలేదు. కోటముట్టడిని సర్గలకొలది వర్ణించు కవి, ఆ కోటలోపల ఒక పసిబిడ్డకు ఆ పూట గంజి ఎవరు తెచ్చిరో, నీళ్లు ఎవరు మోసిరో చెప్పుట అరుదు. కాని యుద్ధము నడుమ చిక్కిన కుటుంబము బ్రతికి బయటపడుట తరచుగా ఆయుధములమీద గాక ఆ గంజిమీద, ఆ నీటిమీద ఆధారపడి యుండును. ఇట్టి సాయమును సాహిత్యము ఏ విధముగా చిత్రింపవలెను? చేసినవానిని దేవుని జేయక, పొందినవానిని దీనుని జేయక, ఇద్దరి మానమును కాపాడుచు చెప్పుట సాధ్యమా? ఇరువదవ శతాబ్దమున ఇద్దరు బాలికలు వ్రాసిన దినచర్యలు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు తగిన గ్రంథములు. ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 1942–44 నడుమ అన్నే ఫ్రాంక్ వ్రాసినది. రెండవది సరయేవో నగరమున 1991–93 నడుమ జ్లాతా ఫిలిపోవిచ్ వ్రాసినది.

ఈ విచారణకు కావలసిన పరిభాష భారతీయాలంకారశాస్త్రమున లేకపోలేదు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వీరరసమును దానవీరము, ధర్మవీరము, యుద్ధవీరము, దయావీరము అని నాలుగు విధములుగా విభజించెను. దయావీరమునకు జీమూతవాహనుడు ప్రసిద్ధోదాహరణము. హర్షుని నాగానందమున శంఖచూడుడను నాగకుమారుడు ఆనాడు గరుత్మంతునకు ఆహారము కావలసియుండగా, అతని వృద్ధమాత రోదనము విని జీమూతవాహనుడు ఎఱ్ఱని వస్త్రము దాల్చి వధ్యశిలమీదికి తానే పోవును. మృత్యుముఖమున నున్న యువకుడు, విలపించు తల్లి, పరాయివాడైన రక్షకుడు – ప్రస్తుత విషయమునకు కావలసిన పాత్రలన్నియు అచ్చట గలవు. అయితే ఒక భేదము గలదు. జీమూతవాహనుని త్యాగము ఒక్క ముహూర్తమున ముగియును. చివర గౌరీదేవి వచ్చి అతనిని బ్రతికించును. ఆమ్‌స్టర్‌డామ్ రక్షకుల సాహసము 25 నెలలు ప్రతి ఉదయమును మొదటినుండి మొదలుపెట్టవలసినది; చివర ఏ దేవతయు రాలేదు.

1942 జూన్ 12న, తన పదమూడవ పుట్టినరోజున, అన్నేకు దినచర్య పుస్తకము కానుకగా లభించినది. జూలై 6న ఆ కుటుంబము తండ్రి ఆటో ఫ్రాంక్ వ్యాపారకార్యాలయము వెనుక భాగమున దాగినది. క్రమముగా అచ్చట దాగినవారు ఎనిమిదిమంది అయిరి. వారిని పోషించినవారు ఆ కార్యాలయపు ఉద్యోగులు: మీప్ గీస్, బెప్ వోస్కైల్, విక్టర్ కూగ్లర్, యోహానెస్ క్లైమన్. మీప్ భర్త యాన్, బెప్ తండ్రి యోహాన్ వీరికి తోడు. రహస్యద్వారమును మరుగుపరచిన పుస్తకాల బీరువాను చేసినవాడు బెప్ తండ్రియే. యాన్ డచ్ ప్రతిఘటనోద్యమమువారి ద్వారా రేషను కూపన్లు సంపాదించెను. మీప్ కూరగాయలు మోసెను. ప్రతి శనివారము గ్రంథాలయమునుండి ఐదు పుస్తకములు తెచ్చెను. బెప్ తన పేరున తపాలా పాఠములు తెప్పించెను. అక్క మార్గో ఆ పేరుతోనే లాటిన్ అభ్యసించెను.

ఈ వివరములను అన్నే వర్ణించు తీరులోనే ఆమె రచనాశక్తి కనబడును. కృతజ్ఞతను ఆమె స్తోత్రముగా మార్చదు. మూటలతో మెట్లెక్కి వచ్చు మీప్‌ను బరువు మోయు జంతువుతో పోల్చి నవ్వును. ఆ నవ్వులో చులకన లేదు, చనువు గలదు. పై అంతస్తునకు వచ్చినవారు మగవారితో వ్యాపారమును, రాజకీయమును, ఆడవారితో తిండి తిప్పలను, పిల్లలతో పుస్తకములను మాటలాడుదురని ఆమె గుర్తించును. పిల్లలకు కావలసినది రొట్టె ఒక్కటే కాదని, తమతో ఈడుకు తగినట్లు మాటలాడు మనిషి కూడ కావలెనని సాయము చేయువారు ఎరిగిరి. ఈ సూక్ష్మమును పట్టుకొన్నది పద్నాలుగేండ్ల బాలిక. 1944 జనవరి 28న వ్రాసిన భాగమున, యుద్ధములో శత్రువునెదిరించి శౌర్యము చూపువారు కొందరైతే, ప్రసన్నముఖముతోను ఆప్యాయతతోను శౌర్యము చూపువారు తమ రక్షకులని ఆమె భావించును. విశ్వనాథుడు యుద్ధవీరమును, దయావీరమును వేరుపరచిన చోటికి ఏ శాస్త్రమును చదువని ఆ పిల్ల అనుభవముచేత చేరుకొన్నది.

ఐనను ఆ గ్రంథమునందలి పరమోత్కృష్టభాగము ఈ ప్రశంస కాదు. 1944 మే 25న వారికి కూరలమ్ము వర్తకుడు నిర్బంధింపబడెను. తన ఇంట ఇద్దరు యూదులను దాచుట అతని నేరము. ఆ వార్త అన్నే దినచర్యలో రెండు విధములుగా నమోదైనది: ఆ మనిషికి వచ్చిన ఆపదగా ఒకటి, తమ ఉదయపు ఆహారము మానుకొనవలసి వచ్చుటగా మరియొకటి. మరునాడు ఆమె వ్రాసిన మాటల భావము కఠినమైనది. అసలు దాగకయే చనిపోయియున్న యెడల తమకీ బాధయు, ఇతరులకీ బరువును తప్పియుండెడివి గదా అని ఆమె తర్కించుకొనును. పిదప బ్రతుకుమీది ఆశ ఇంకను వదలలేదని ఒప్పుకొనును. సాయము పొందువాని మనస్సులోని ముల్లు ఇది. తన ప్రాణము ఇతరుల ప్రాణమునకు అపాయమగుచున్నదను ఎరుక దయను గూర్చిన కావ్యములలో సాధారణముగా కానరాదు. నాగానందమున శంఖచూడునకు ఈ బాధ గలదు. తనకు బదులుగా ఇంకొకడు పోవుటకు అతడు సమ్మతింపడు. కాని అతనికి తిరస్కరించు స్వేచ్ఛ గలదు. అన్నేకు అదియు లేదు. ఎనిమిదిమందిలో ఒక్కతె వెలికి పోయినచో తక్కిన ఏడుగురును బయటపడుదురు.

ఈ గ్రంథమునందు ఒక పరిమితి గలదని చెప్పక తప్పదు. రక్షకులు మెట్లెక్కి లోనికి వచ్చిన గడియలలోనే పాఠకునకు కనబడుదురు. తలుపు మూసికొని వారు వీధిలోనికి పోయిన పిమ్మట ఏమి చేసిరో, రాత్రి ఎట్లు నిద్రించిరో దినచర్యకు తెలియదు. ఇది రచయిత్రి దోషము గాదు. ఆమె నిలిచిన చోటు అట్టిది. ఆ కొరతను తీర్చునది మీప్ గీస్ 1987లో ఆలిసన్ లెస్లీ గోల్డ్ సహాయముతో ప్రకటించిన స్మృతిగ్రంథము. దానిని దినచర్యప్రక్క నుంచి చదువుట అవసరము. అచ్చట ఒక దుకాణమునుండి మరియొక దుకాణమునకు తిరుగు స్త్రీ కనబడును. ఒకేచోట ఎక్కువ కొన్నచో అనుమానము కలుగును, తక్కువ కొన్నచో ఎనిమిదిమందికి చాలదు – ఈ సంకటము ఆమె నిత్యకృత్యము. ఒక రాత్రి భర్తతో కూడ ఆ రహస్యగృహమున పడుకొన్న ఆమెకు కన్ను మూతపడలేదు. అచ్చటి భయము ఎట్టిదో నాడే తెలిసినది. మరియు ఆ దంపతులు తమ స్వగృహమున వేరొక విద్యార్థిని కూడ దాచియుండిరి.

ఈ స్మృతిగ్రంథమును కళాఖండమని యెంచుట కష్టము. నలువది యేండ్ల తరువాత, మరియొకరి కలముతో వ్రాయబడినందున అందలి సంభాషణలు తీర్చిదిద్దినట్లుండును. కాని ఆరంభముననే తాను వీరవనితను కానని ఆమె చెప్పుటకు గల కారణమును విమర్శకుడు ఉపేక్షింపరాదు. సాయము చేయువారు అసాధారణులని లోకము నమ్మినచో, సాధారణులు ఆ పని తమది గాదని తప్పించుకొందురని ఆమె భయము. ఈ భయమునకు మూలము ఆమె బాల్యముననే గలదు. ఆమె 1909లో వియన్నాలో జన్మించినది. మొదటి ప్రపంచయుద్ధానంతరము కృశించిన పిల్లలను పోషణకై హాలండుకు పంపినప్పుడు, 1920లో ఆమెయు వచ్చినది. లైడన్‌లోని ఒక కుటుంబము ఆమెను చేరదీసి తమ పిల్లలతోపాటు పెంచినది. ఒకనాడు పరాయి యింటి అన్నముతో బ్రతికిన పిల్ల, ఇరువది రెండేండ్లకు పరాయి పిల్లలకు అన్నము మోసినది. సాయము ఒక ఋణమువలె వచ్చినవారికే తిరిగి పోనక్కరలేదు, ముందుకు పోవును. ఈ విషయమును ఆమె గ్రంథము సిద్ధాంతముగా చెప్పదు. వరుసగా చెప్పిన సంఘటనలే దానిని తెలుపును.

1944 ఆగస్టు 4న దాగినవారందరును పట్టుబడిరి. కూగ్లర్, క్లైమన్ నిర్బంధింపబడిరి. మీప్ లంచమిచ్చి విడిపింపవలెనని జర్మన్ పోలీసు కార్యాలయమునకే పోయి విఫలురాలయ్యెను. తల్లి ఎడిత్ 1945 జనవరిలో ఔష్విట్జ్‌లోను, మార్గో, అన్నేలు ఆ తొలినెలలలోనే బెర్గెన్-బెల్సెన్‌లోను మరణించిరి. ఆటో ఫ్రాంక్ ఒక్కడే తిరిగివచ్చెను. హాలండులోని యూదులలో లక్షకు పైగా హతులైరి. నిర్బంధము జరిగిననాడు బెప్, మీప్‌లు నేలమీద చెదరిన కాగితములను ఏరిరి. మీప్ వానిని చదువక సొరుగులో భద్రపరచి, అన్నే మరణము నిశ్చయమైన పిదప తండ్రికిచ్చెను. చదివియున్నచో కాల్చివేయవలసి వచ్చియుండెడిదని ఆమె తరువాత చెప్పినది. ఏలయన అందు సాయము చేసినవారి పేర్లున్నవి. ఒక బాలిక రహస్యమునెడల చూపిన ఆ మర్యాదయే ఒక గ్రంథమును బ్రతికించినది.

1947 జూన్‌లో ఆ గ్రంథము వెలువడినప్పుడు రక్షకులు మారుపేర్లతో కనబడిరి. తన దినచర్యను ప్రకటనకై తానే తిరిగివ్రాయుచు అన్నే ఆ పేర్లను కల్పించియుండెను. 1955లో అమెరికాలో ప్రదర్శింపబడిన గుడ్రిచ్, హాకెట్‌ల నాటకము మరియొక అడుగు ముందునకు పోయి రక్షకులను ఇద్దరిగా కుదించినది. రంగస్థలమునకు పాత్రల తగ్గింపు అవసరమే కావచ్చును. కాని దీనివలన కలిగిన నష్టము సంఖ్యకు మాత్రమే సంబంధించినది గాదు. ఒకరు కూపన్లు, ఒకరు కూరలు, ఒకరు కొయ్యపని, ఒకరు వ్యాపారపు లెక్కలు – ఇట్లు పని పంచుకొనుటచేతనే సాయము 25 నెలలు నిలిచినది. ఇద్దరు సజ్జనుల కథగా మార్చినప్పుడు సంస్థ పోయి స్వభావము మిగులును. ఎట్లు చేసిరను జ్ఞానము పోయి ఎంత మంచివారో అను మెచ్చుకోలు మిగులును. కరుణను ఉద్దీపింపజేయుటలో నాటకము జయించినది. దయావీరమును చూపుటలో ఓడినది.

సరయేవో దినచర్యకు వచ్చినప్పుడు పరిస్థితి భిన్నము. జ్లాతా 1980లో జన్మించినది; 1991 సెప్టెంబరులో వ్రాత మొదలుపెట్టునప్పటికి ఆమెకు పదకొండేండ్లు నిండలేదు. తండ్రి న్యాయవాది, తల్లి రసాయనశాస్త్రజ్ఞురాలు. తొలిపుటలలో పియానో పాఠములు, పుట్టినరోజులు, పాటలు గలవు. 1992 ఏప్రిల్‌లో నగరము ముట్టడింపబడినది. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి వరకు, 1,425 దినములు సాగినది. ఆ తొలి వసంతముననే ఉద్యానవనమున పడిన గుండు ఆమె నెచ్చెలి ప్రాణమును తీసినది. అన్నే కిట్టీ అని పిలిచినట్లు ఈమె తన దినచర్యకు మిమ్మీ అని పేరిడినది. అనగా ఈమె అన్నేను చదివియే వ్రాసినది. తన ముందున్న పుస్తకము ఎట్లు ముగిసెనో ఎరిగియే వ్రాసినది.

ఇచ్చట సాయమునకు ఒక ముఖము లేదు, అనేక ముఖములు గలవు. నేలమాళిగ గల పొరుగింటివారు గుండ్లు పడునప్పుడు పిలుతురు. తల్లిదండ్రులు క్యానులతో నీళ్లు మోయుదురు. పగిలిన కిటికీలకు ఐక్యరాజ్యసమితి శరణార్థిసంస్థవారి ప్లాస్టిక్ పరదాలు వచ్చును. వెళ్లిపోయిన మిత్రులు బయటినుండి పొట్లములు పంపుదురు. జ్లాతా శైలి అన్నే శైలివలె అంతర్ముఖమైనది గాదు. తరచుగా అది ఒక పట్టిక. కరెంటు లేదు, నీరు లేదు, గ్యాసు లేదు. నేడు ఇది వచ్చినది, రేపు అది రాదు. కొందరు విమర్శకులు దీనిని బలహీనత యందురు. కాని పట్టికయే ముట్టడికి తగిన ఛందస్సు. పొరుగువాని తలుపు తెరచియుండుట, ఒక డబ్బా మాంసము, ఒక బకెట్టు నీరు – వీనిని సమానాక్షరములలో వ్రాయుటచేత ఏది చిన్న సాయము, ఏది పెద్ద సాయము అను తారతమ్యము తొలగిపోవును.

బయటి ప్రపంచపు సాయమును కూడ ఈ సందర్భమున తూచవలసి యున్నది. 1992 జూలైనుండి 1996 జనవరి వరకు ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో విమానములు 12,000 పర్యాయములకు పైగా వచ్చి సుమారు 1,60,000 టన్నుల సామగ్రి దింపినవి. 1993 జూలైలో విమానాశ్రయము క్రింద నగరవాసులు త్రవ్వుకొన్న సొరంగము పూర్తియైనది. మొదటిది లేకున్న చాలమంది ఆకలిచే చనిపోయియుందురు. కాని ఆహారమిచ్చి ముట్టడిని ఆపకపోవుట ఏమి దయ అను ప్రశ్న ఆ నగరమును వదలలేదు. 2007లో అచ్చట అంతర్జాతీయ సమాజమునకు కృతజ్ఞతగా ఒక స్మారకము వెలసినది. అది ఒక మాంసపు డబ్బా రూపము. ఆ వ్యంగ్యము ఏ వ్యాజస్తుతికిని తీసిపోదు. 2012లో ముట్టడి మొదలైన ఇరువదవ వార్షికమునాడు నడివీధిలో 11,541 ఎఱ్ఱని ఖాళీ కుర్చీలు వేసిరి, మృతునికొకటి చొప్పున. డబ్బాను, కుర్చీలను కలిపి చదివినప్పుడే ఆ సాయపు విలువయు, కొరతయు తెలియును.

1993 వేసవిలో యునిసెఫ్ తోడ్పాటుతో జ్లాతా దినచర్య సరయేవోలో అచ్చైనది. విదేశ పత్రికా రచయితలు ఆమెను వెదకికొని వచ్చిరి. సరయేవో అన్నే ఫ్రాంక్ అని బిరుదు తగిలించిరి. ఫ్రెంచి ప్రకాశకులు గ్రంథమును స్వీకరించిరి. డిసెంబరులో ఆమెయు, తల్లిదండ్రులును ప్యారిస్ చేరిరి. ఒక దినచర్య మూడు ప్రాణములకు ప్రయాణపత్రమైనది. ఇచ్చట విమర్శకునకు రెండు సంకటములు ఎదురగును. మొదటిది కళకు సంబంధించినది. ఎవరో చదువుదురని తెలిసిన పిదప వ్రాసిన పుటలు, తెలియకముందు వ్రాసిన పుటలంత స్వచ్ఛముగా లేవు. కెమెరాల రాకపోకలు దినచర్యలో వస్తువైనవి. రెండవది ధర్మమునకు సంబంధించినది. వ్రాయగల పిల్ల బయటపడినది. వ్రాయలేని పిల్లలు అచ్చటనే యుండిరి. అక్షరము ప్రాణమునకు అర్హతయగుట న్యాయమా?

మొదటి సంకటమునకు సమాధానము గ్రంథముననే గలదు. ఆ బిరుదును చూచి జ్లాతా గర్వపడలేదు, భయపడినది. అన్నేకు పట్టిన గతి తనకు పట్టునేమో అని వ్రాసుకొన్నది. లోకము ఉపమానముగా చూచినదానిని ఆమె జోస్యముగా చూచినది. సాహిత్యగౌరవమని యిచ్చిన పేరులో మరణమున్నదని కనుగొన్న ఆ వాక్యము తరువాతి పుటల కృత్రిమతనంతను క్షమింపజేయును. రెండవదానికి తృప్తికరమైన సమాధానము లేదు, ఉండరాదు. ముగ్గురిని బయటికి తెచ్చుట తప్పు కాదు; ముగ్గురితో కథ ముగిసినదనుకొనుట తప్పు. మీప్ కాపాడిన కాగితములు బాలికను కాపాడలేకపోయినవి. ప్యారిస్‌కు చేరిన కాగితములు బాలికను కాపాడినవి. మొదటిది మహాగ్రంథము, రెండవది సామాన్యగ్రంథము. కాని మహాగ్రంథము మిగులుటకంటె సామాన్యగ్రంథము వ్రాసిన పిల్ల మిగులుట మేలని ఒప్పుకొనలేని సాహిత్యవిమర్శకు దయను గూర్చి మాటలాడు అర్హత లేదు.

ఈ విచారము తెలుగు రచయితలకు పరాయిది గాదు. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన పిమ్మట బర్మానుండి లక్షలాది భారతీయులు కాలినడకను కొండలు, అడవులు దాటి స్వదేశము చేరిరి. రేవులలోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన తెలుగు కూలీలు వారిలో పెక్కురు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైనే బాంబులు పడినవి. ఆ నడకను గూర్చి వ్రాయబూనిన రచయిత మృతుల సంఖ్యతో, దుఃఖవర్ణనతో తృప్తిపడినచో సగము పనియే చేసినవాడగును. చంకలోని బిడ్డను కొంతదూరము మోసిన తోటిబాటసారి ఎవరు, కనుమదారిలో గుక్కెడు నీరు పోసిన పల్లెవారెవరు, దానిని పుచ్చుకొన్న తల్లికి ఏ సిగ్గు, ఏ ఊరట కలిగినవి అని అడుగవలెను.

అట్లు అడుగువానికి ఈ దినచర్యలు నేర్పు పాఠము వర్ణనలో పొదుపు. అన్నేయు, జ్లాతాయు సాయము చేసినవారి హృదయమును వర్ణింపలేదు. వారి చేతిలోని సంచిని వర్ణించిరి. సంచిలో ఏమున్నదో, అది ఎంత బరువో, ఏ దినమున రాలేదో సరిగా చెప్పినచో హృదయము దానంతట తెలియును. దయావీరమునకు స్థాయి ఉత్సాహమని శాస్త్రము. ఆ ఉత్సాహమునకు ఈ కాలమున అనుభావము గర్జన గాదు, ప్రగల్భము గాదు. మరునాటి ఉదయము మరల అదే మెట్లు ఎక్కుట.